ఆర్కిమెడిస్ – దోనె లెక్క

ఆర్కిమెడిస్ అనగానే మనకు స్నానపు తొట్టి, రాజుగారి కిరీటం గుర్తుకొస్తాయి. ఆ కథను ఆయన చనిపోయిన దాదాపు 200 ఏళ్లకు విట్రూవియస్ అనే రోమన్ రాసిపెట్టాడు. అది ఎంతవరకు నిజమో గాని, నాకు అంతకన్నా నచ్చిన సంగతి వేరే ఉంది.

ఆయన క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. రాజు హీరాన్ ఆయన్ని ఆదరించాడు. తేలే వస్తువుల గురించి ఆయన రెండు భాగాల పుస్తకం రాశాడు. మొదటి భాగంలోని సూత్రం మన సైన్సు పాఠంలో ఉన్నదే: తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. రెండో భాగం మన పాఠంలో లేదు. తేలే వస్తువును ఒక పక్కకు వంచి వదిలితే మళ్లీ నిలబడుతుందా, బోర్లాపడుతుందా అని అందులో లెక్క కట్టాడు.

ఇది నాకు కొల్లేరులో అర్థమైంది. పోయిన ఏడు మా తరగతిని ఏలూరు మీదుగా అక్కడికి తీసుకెళ్లారు. తాటి మొద్దు తొలిచి చేసిన దోనె ఎక్కగానే గెడ వేసే తాత అందర్నీ అడుగున కూర్చోమన్నాడు. ఒకడు లేచి నిలబడితే కేకలేశాడు. ఎందుకంటే, బరువంతా ఒక బిందువు దగ్గర కిందికి లాగుతుంది. నీళ్లేమో మునిగిన భాగం నడిమధ్య నుంచి పైకి నెడతాయి. దోనె ఎడమకు ఒరిగితే ఎడమవైపు ఎక్కువ మునుగుతుంది. నీళ్ల నెట్టుడు కూడా అటే జరిగి దోనెను తిరిగి లేపుతుంది. మనం లేచి నిలబడితే బరువు బిందువు పైకి పోతుంది. అప్పుడు కొంచెం ఒరిగినా బరువు ఆ నెట్టుడును దాటి అవతలికి పోతుంది. ఇంకేముంది, దోనె బోల్తా! రెండు దోనెలు జతగా కడితే వెడల్పు పెరిగి నెట్టుడు ఇంకా దూరం జరుగుతుంది, అంత తొందరగా తిరగబడదు.

క్రీ.పూ. 212లో రోమన్లు సిరక్యూస్‌ను పట్టుకున్నప్పుడు ఒక సైనికుడు ఆయన్ని చంపేశాడు. చంపొద్దని సేనాపతి మార్సెల్లస్ ముందే చెప్పాడట. పుస్తకానికీ గండం తప్పలేదు. 1229లో ఎవరో ఆ తోలు కాగితాల మీది అక్షరాలు గీకేసి పైన ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఇస్తాంబుల్‌లో ఆ ప్రార్థనల అడుగున మసకగా ఉన్న రాతను పోల్చుకున్నాడు. గ్రీకులో ఆ పుస్తకానికి మిగిలిన ప్రతి అదొక్కటే. 1998లో దాన్ని 20 లక్షల డాలర్లకు వేలంలో కొన్నారు. తర్వాత రకరకాల కాంతుల్లో ఫోటోలు తీసి, హైబర్గ్‌కు కనపడని అక్షరాలు కూడా చదివారు.