వీణను వాద్యబృందమున నిలిపిన ఈమని శంకరశాస్త్రిగారు

ఒక కృతిని నలుగురు వైణికులు వాయించినచో నాలుగు విధములుగా వినబడును. రాగ మొకటే, తాళ మొకటే. గమకమున, కల్పనలో మాత్రము ఎవరి మనోధర్మము వారిది. మన సంగీతమునకు అదియే ప్రాణము. మరి పలువురు వాద్యకారులను ఒకచోట కూర్చుండబెట్టి, ముందుగా వ్రాసియిచ్చిన స్వరములను అందరిచేతను ఒక్కమారుగా పలికించినచో ఆ ప్రాణము నిలుచునా? ఈ చిక్కుతో ఏండ్ల తరబడి పెనగులాడిన తెలుగు వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు. వారి చరిత్రమును ఈ ఉగాది సంచికలో సోదరీసోదరులకు మనవి చేయుచున్నాము. మేము రైల్వే ఆఫీసులో లెక్కలు వ్రాసికొనువారము, సంగీత శాస్త్రజ్ఞులము కాము. విన్నంత, తెలిసినంత చెప్పెదము.

శాస్త్రిగారు 1922లో గోదావరి సీమయందలి ద్రాక్షారామమున జన్మించిరి. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు పేరెన్నికగన్న వైణికులు. విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము సంస్థానముల ఆదరణలో వీణ వర్ధిల్లిన సీమ యది. కుమారునకు తండ్రియే గురువు. కనుక పాతదనము వారికి గ్రంథములలో చదువుకొన్నది కాదు, ఇంట పుట్టిపెరిగినది.

పిమ్మట వారు మదరాసు చేరి జెమినీ స్టూడియో సంగీతశాఖలో పనిచేసిరి. వీణ విద్వాంసునకు సినిమా కొలువేమని నొసలు చిట్లించువారు ఆ రోజులలో తక్కువ కాదు. కాని ఏ వాద్యము దేనితో పొసగును, ఏది దేనిని మింగివేయును అను సంగతి అట్టి చోటనే కదా దినదినము తెలియునది! అనంతరము మదరాసు ఆకాశవాణిలో చేరిరి. అటు తర్వాత ఢిల్లీ వెళ్లి ఆకాశవాణి వాద్యబృందమునకు నాయకులైరి. ఆ బృందము 1952లో ఏర్పడినది. మొదట దానిని నడిపినవారు రవిశంకర్, టి.కె. జయరామయ్యరు గారలు.

అందు ఉత్తరాది, దక్షిణాది వాద్యములు రెండును కలిసియుండెడివి. కష్టమంతయు అచ్చటనే. వీణపై ఒక మెట్టున తంత్రిని లాగి, ఒక్క మీటుతో రెండు మూడు స్వరములు పలికింపవచ్చును. వేణువునకు ఆ పని ఊపిరితోను, వ్రేళ్లతోను జరుగవలెను. సంతూరులో తంత్రిని లాగుటయే లేదు. కాగితముపై వ్రాసిన స్వరములో గమకము సగమైనను దిగదు. కనుక ఏ సంచారమును ఏ వాద్యమున కప్పగింపవలెనో ఎరిగి కూర్చుటయే నాయకుని విద్య.

శాస్త్రిగారి కూర్పులలో ఆదర్శ శిఖరారోహణము ప్రసిద్ధము. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టు శిఖర మెక్కిన ఉదంతమే దాని వస్తువు. త్యాగరాజస్వామివారి కృతులు వాయించిన చేతులే కొండ నెక్కుటను వాద్యములతో చెప్పబూనినవి.

ఇందు నష్టము లేకపోలేదు. బృందములో ఆలాపన కొలతకు లోబడును. అప్పటికప్పుడు పుట్టు కల్పనకు చోటు తక్కువ. పెద్దలు చెప్పిన ఆక్షేపణ అబద్ధము కాదు. అయితే శాస్త్రిగారు ఒంటి వీణ కచేరీని విడువలేదు. అచ్చట రాగము రాగముగనే, కృతి కృతిగనే సాగినది. మా భాషలో చెప్పవలెనన్న, వారు రెండు ఖాతాలు వేరువేరుగా నుంచిరి. ఒకదాని సొమ్ము తీసి రెండవదాని లోటు పూడ్చలేదు.

వారి శిష్యులలో చిట్టిబాబుగారు మిక్కిలి ఖ్యాతి గడించిరి. కొండపల్లి బొమ్మ వంటి కొత్త కల్పనలతో, వీణ కచేరీలకు రాని సామాన్యులకు సైతము ఆ వాద్యమును ప్రీతిపాత్రము గావించిరి. శంకరశాస్త్రిగారు 1987లో పరమపదించిరి.

నేడు యంత్రముల సాయమున ఏ కృతినైనను ఏ వాద్యముతోనైనను జోడించుట గడియలో పని. అట్లు జోడించు యువకులను మేము తప్పుపట్టము. ఒక్కటి మాత్రము అడుగుదుము: ఆ కృతిని ఒంటిగా, ఏ సాయమును లేక, గంటసేపు కూర్చుండి వాయింపగలరా? శంకరశాస్త్రిగారు వాయింపగలిగిరి. వారి కొత్తదనమునకు మనము చెవియొగ్గుట అందువలననే.