సర్వే అంకెకు హద్దులు చెప్పిన నేమన్

ఎన్నికలు వస్తే చాలు, ఫలానా పార్టీకి ఇంత శాతం అంటూ సర్వేలు వెలువడతాయి. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో లెక్కగట్టే మార్గం చూపిన గణాంక శాస్త్రవేత్త యెర్జీ నేమన్.

నేమన్ 1894 ఏప్రిల్ 16న నాటి రష్యా సామ్రాజ్యంలోని బెండెరీలో పోలిష్ కుటుంబంలో జన్మించారు. పన్నెండో ఏట తండ్రిని కోల్పోయారు. ఖార్కోవ్‌లో చదువుకుని 1921లో పోలండు చేరారు. అక్కడ వ్యవసాయ పరిశోధన సంస్థలో పంట ప్రయోగాల లెక్కలు చూశారు.

ఆ రోజుల్లో ఇటలీలో ఒక వింత జరిగింది. 1921 జనాభా లెక్కల కాగితాల్లో కొన్నింటినే నమూనాగా దాచాలనుకున్నారు. దేశ సగటుకు సరిపోయేలా 214 జిల్లాల్లో 29 జిల్లాలను ఏరి ఎంచుకున్నారు. ఎంపికకు వాడిన ఏడు అంశాల సగటులు కుదిరాయి గానీ, మిగతా విషయాల్లో లెక్క తప్పింది. మనిషి ఏరితే నమూనా ఎంత పెద్దదైనా ఫలితం లేదనీ, లాటరీ పద్ధతిలోనే తీయాలనీ నేమన్ 1934లో లండన్‌లో చదివిన పత్రంలో నిరూపించారు. 1937లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సిద్ధాంతాన్ని పూర్తిగా వివరించారు.

ఉదాహరణకు, 10,000 ఇళ్ల పట్టణంలో చీట్లు తీసి 400 ఇళ్లను అడిగితే 240 ఇళ్లవారు అవునన్నారనుకుందాం. అంటే 60 శాతం. అసలు శాతం సుమారు 55కూ 65కూ మధ్య ఉంటుందని చెప్పవచ్చు. ఇదే పద్ధతిలో వందసార్లు సర్వే చేస్తే దాదాపు 95 సార్లు హద్దుల మధ్య నిజం చిక్కుతుందని దీని భావం.

అయితే ఈ లెక్కకు షరతులున్నాయి. ఎంపిక లాటరీగా జరగాలి. నమూనా మొత్తంలో పదో వంతు మించకూడదు. అవునన్నవారూ కాదన్నవారూ కనీసం పదేసి మంది ఉండాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 40 ఇళ్లలో ముగ్గురే అవునంటే కింది హద్దు సున్నాకన్నా తగ్గిపోతుంది! అలాంటి శాతం ఎక్కడా ఉండదు. అప్పుడు వేరే సూత్రం వాడాలి.

నేమన్ 1938లో అమెరికాలోని బర్క్‌లీకి వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పారు. 1981 ఆగస్టు 5న, 87వ ఏట కన్నుమూశారు.

సర్వే ఫలితం చూసినప్పుడు శాతం ఒక్కటే చూసి తృప్తి పడరాదు. ఎవరిని అడిగారు, ఎలా ఎంచారు, ఎంతమందిని అడిగారు అని ఆరా తీయాలి. నేమన్ జీవితకృషి మనకు నేర్పే పాఠం ఇదే.