రెండు జీబీలకు సెలవు

మా సర్వర్ రూమ్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన రెండు జీబీల పెన్‌డ్రైవ్ ఇటీవలే రిటైరయింది. దాన్ని కంటితో చూసినవాళ్లు ఆఫీసులో ఎక్కువమంది లేరు. సర్వర్ మూత తీస్తే తప్ప కనబడదు. మదర్‌బోర్డు మీదున్న యూఎస్‌బీ పోర్టులో, ఫ్యాన్ల హోరులో పడి ఉండేది. జీతాల లెక్కలు, ఫైళ్లు, హాజరు పట్టీ అన్నీ వర్చువల్ మెషీన్లలో నడిచేవి. వాటన్నిటినీ మోసే హైపర్‌వైజర్, వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ, బూటయ్యేది మాత్రం ఈ ప్లాస్టిక్ ముక్క నుంచే.

రెండు జీబీలంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అది దండిగా సరిపోయేది. వీఎంవేర్ పాత హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్ తన వెంట లైనక్స్ ఆధారిత సర్వీస్ కన్సోల్‌ను కూడా మోసుకు తిరిగేది. 2007 చివర్లో 3.5తో వచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐ ఆ బరువు దించేసుకుంది. 32 ఎంబీల్లో ఇమిడిపోతుందని వీఎంవేర్ గొప్పగా చెప్పుకుంది. 2011లో 5.0 వచ్చేసరికి ఈ సన్నని రూపమే మిగిలింది. బూట్ చేయడానికి ఒక జీబీ ఉంటే చాలన్న నియమం 6.7 దాకా నడిచింది. అందుకే హార్డ్‌డిస్కులన్నీ మెషీన్లకే వదిలేసి, హైపర్‌వైజర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టడం అడ్మిన్లకు అలవాటైపోయింది.

దాని పనితీరు ముచ్చటైనది. ముహూర్తానికి వచ్చి, మంత్రాలు చదివి, పక్కకు జరిగే పురోహితుడి వరస. సర్వర్ ఆన్ కాగానే ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా ర్యామ్‌లోకి ఎక్కించేది. ఆ తర్వాత దాని అవసరం దాదాపు ఉండేది కాదు. మధ్యలో అది చచ్చిపోయినా మెషీన్లు నడుస్తూనే ఉండేవి, అసలు చిక్కు వచ్చేది మళ్లీ రీబూట్ చేసినప్పుడే. గంటకోసారి సెట్టింగులను చిన్న మూటగా కట్టి దాచుకోవడం ఒక్కటే దాని రోజువారీ రాతపని. లోపల హైపర్‌వైజర్ ప్రతులుండే 250 ఎంబీల బూట్‌బ్యాంకులు రెండుండేవి. కొత్త ప్యాచ్ వికటిస్తే, బూటయ్యేటప్పుడు షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కి పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు.

లోపమూ లేకపోలేదు. లాగ్‌లు దాచే చోటు దానిలో లేదు. అవి ర్యామ్‌లో ఉండి రీబూట్‌తో మాయమయ్యేవి. లాగ్‌లను డేటాస్టోర్‌కో సిస్‌లాగ్ సర్వర్‌కో మళ్లించుకోవడం మన పూచీ.

దానికి కాలం చెల్లింది 2020 ఏప్రిల్‌లో, 7.0 రాకతో. అప్‌గ్రేడ్‌కే కనీసం నాలుగు జీబీలు కావాలంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే యూఎస్‌బీకి ఎనిమిది. లాగ్‌లు, వీఎంవేర్ టూల్స్, క్రాష్ డంప్‌లు అన్నీ ఒకే పెద్ద పార్టిషన్‌లో చేరి, బూట్ పరికరం మీద నిత్యం రాతకోతలు మొదలయ్యాయి. మామూలు పెన్‌డ్రైవ్‌లోని ఫ్లాష్ చిప్ ఇన్నిసార్లే చెరిపి రాయనిస్తుంది. 2021 మార్చిలో 7.0 అప్‌డేట్ 2 వచ్చాక చాలాచోట్ల ఎస్‌డీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు మొరాయించాయి. ఆగస్టులో అప్‌డేట్ 2సీ సవరణ వచ్చింది గానీ, యూఎస్‌బీ మీదే పూర్తిగా ఆధారపడే బూట్ పద్ధతికి ఇక భవిష్యత్తు లేదని ఆ ఏడాదే వీఎంవేర్ తేల్చేసింది.

మా పాతదాని బాధ్యతలు 32 జీబీల డ్రైవ్‌కు అప్పగించాం. బిట్‌కు బిట్ కాపీ చేస్తే పని సులువే. కానీ పార్టిషన్లు పాత కొలతల్లోనే ఉండిపోతాయి, మిగతా 30 జీబీలు బీడు పడతాయి. అందుకని ముందుగా సెట్టింగుల బ్యాకప్ తీశాం. కొత్తదాని మీద అదే బిల్డ్ నంబరున్న 6.7ను ఇన్‌స్టాల్ చేసి, హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి బ్యాకప్‌ను రిస్టోర్ చేశాం. బిల్డ్ తేడా వస్తే అది ఒప్పుకోదు. డేటాస్టోర్లు డిస్కుల మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. రీబూట్ కాగానే నెట్‌వర్క్ సెట్టింగులు, మెషీన్ల జాబితా యథాతథంగా వచ్చేశాయి. ఆ తర్వాతే 7.0కు వెళ్లాం. వెళ్లాక లాగ్‌లను డేటాస్టోర్‌కు, టూల్స్‌ను ర్యామ్‌డిస్క్‌కు మళ్లించి కొత్తదాని మీద రాత భారం తగ్గించాం.

రెండు జీబీలది అసమర్థత కాదు. చదివే పనికి కుదిరిన మనిషిని రాసే పనిలో పెడితే ఎవరైనా చేతులెత్తేస్తారు. 32 జీబీలకూ అదే గతి పట్టొచ్చు, కాకపోతే కాస్త ఆలస్యంగా. మీ సర్వర్ ఇంకా పెన్‌డ్రైవ్ మీదే లేస్తుంటే, ఈ రోజే సెట్టింగుల బ్యాకప్ తీసి వేరే చోట దాచండి. తర్వాతి బడ్జెట్‌లో బూట్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ రాయించుకోండి.