తారాబాయి మోదక్

తారాబాయి మోదక్ (ఏప్రిల్ 19, 1892 - ఆగష్టు 31, 1973) భారతదేశంలో పూర్వ ప్రాథమిక విద్యకు పునాదులు వేసిన ప్రముఖ విద్యావేత్త. ఖరీదైన మాంటిస్సోరి ఉపకరణాలకు బదులుగా గ్రామాలలో ఖర్చులేకుండా దొరికే గులకరాళ్ళు, గింజలు, ఆకులు, గవ్వలతో ఆటవస్తువులు తయారుచేసి, వాటి ద్వారా పేద పిల్లలకు విద్య నేర్పే పద్ధతిని ఈమె రూపొందించింది. బాలవాడి అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చినది ఈమెయే. 1962లో భారత ప్రభుత్వం ఈమెను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది.

జీవిత విశేషాలు

తారాబాయి బొంబాయిలో జన్మించింది. తండ్రి సదాశివ పాండురంగ కేల్కర్ ప్రార్థనా సమాజానికి చెందిన సంస్కరణవాది. ఈమె 1914లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రురాలైంది. అమరావతికి చెందిన న్యాయవాదిని వివాహమాడింది గాని 1921లో ఆ వివాహబంధం విడాకులతో ముగిసింది. తరువాత రాజ్‌కోట్‌లోని మహిళా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రధానాచార్యురాలిగా పనిచేసింది.

గిజుభాయితో కలిసి

న్యాయవాద వృత్తిని వదలి ఉపాధ్యాయుడైన గిజుభాయి బధేకా (1885-1939) 1920లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో బాలమందిరాన్ని స్థాపించాడు. ఈయన రచన దివాస్వప్న తెలుగులో పగటికల అనే పేరుతో అనువదింపబడింది. తారాబాయి కళాశాల ఉద్యోగాన్ని విడిచి ఈయన కృషిలో భాగస్వామి అయ్యింది. 1926లో వీరు నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్‌ను స్థాపించారు. దండన లేని తరగతి, కథలు, పాటలు, ఆటలు వీరి బోధనకు ఆధారాలు. 1936లో తారాబాయి బొంబాయిలోని దాదర్‌లో శిశువిహార్‌ను ప్రారంభించింది.

బోర్డీ ప్రయోగం

పట్టణ పాఠశాలలలో ఈ విధానం విజయవంతమైనా ఒక పెద్ద సమస్య మిగిలిపోయింది. మాంటిస్సోరి పద్ధతికి కొలతల ప్రకారం చేసిన కొయ్య దిమ్మెలు, స్తంభాలు, గరుకు కాగితపు అక్షరాలు కావాలి. వాటిని కొనగల స్తోమత గ్రామ పాఠశాలలకు లేదు. అందువలన కొత్త విద్య కలిగినవారి పిల్లలకే పరిమితమయ్యే ప్రమాదం ఏర్పడింది. ఈ సమస్యను పరిష్కరించడానికి తారాబాయి 1945లో అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీ అనే సముద్రతీర గ్రామంలో బాలవాడిని ప్రారంభించింది.

ఉపకరణం విలువ దాని ధరలో కాక, అది పిల్లల చేతికి, కంటికి, బుద్ధికి కల్పించే పనిలో ఉన్నదని ఈమె గ్రహించింది. చిన్నా పెద్దా గవ్వలను వరుసలో పేర్చితే పరిమాణ భేదం తెలుస్తుంది. రంగును బట్టి గింజలను వేరుచేస్తే వర్గీకరణ అలవడుతుంది. గులకరాళ్ళతో లెక్క, పూలు గుచ్చడంతో వ్రేళ్ళకు నేర్పు వస్తాయి. ఈ నేర్పే తరువాత పలక మీద వ్రాయడానికి తోడ్పడుతుంది.

అయితే వస్తువులు చౌక అయినంత మాత్రాన పిల్లలు బడికి రాలేదు. హరిజనవాడ పిల్లలు రాకపోవడంతో బడినే వారి ముంగిళ్ళకు తీసుకువెళ్ళారు. ముంగిలిని మరాఠీలో అంగణ్ అంటారు. ఈ విధంగా అంగణ్ బాలవాడి ఏర్పడింది. అక్కడ చదువుతో పాటు పిల్లల శుభ్రతపై కూడా శ్రద్ధ వహించేవారు.

కోస్బాడ్

1950ల చివరలో ఈ కార్యక్రమం సమీపంలోని కోస్బాడ్ కొండకు, వార్లీ ఆదివాసుల మధ్యకు మారింది. పశువులు కాచే పిల్లలకోసం పచ్చిక బయళ్ళలోనే బడి నడిపారు. ఈ కృషిలో ముఖ్య సహచరి అనుతాయి వాఘ్ (1910-1992). బాల్యంలోనే వితంతువైన ఈమె 1945 నుండి తారాబాయితో పనిచేసి, ఆమె మరణానంతరం సంస్థను నడిపింది.

ప్రభావం

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకాన్ని ప్రారంభించింది. దీని అంగన్‌వాడీ కేంద్రాలకు బోర్డీ ముంగిలి బడులను పూర్వరూపంగా పరిగణిస్తారు. ఈ పథకాన్ని చూడకుండానే తారాబాయి మరణించింది.

తెలుగునాట అచ్చనగాయలు, పద్నాలుగు గుంటలతో చింతపిక్కలు పంచుతూ ఆడే వామనగుంటలు పిల్లలకు లెక్క నేర్పే ఆటలే. రెడ్డిగూడెం వంటి కృష్ణా మెట్టప్రాంతపు పల్లెలలోనైనా చింతపిక్కలకు, గులకరాళ్ళకు కొదువ లేదు. కొనుగోలు చేసిన ఉపకరణాలు లేని బడిలో కూడా ఉపాధ్యాయులు వీటితో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పవచ్చునన్నదే తారాబాయి పద్ధతి సారాంశం.