లియొనార్డో: రాలిన రంగులు, నిలిచిన కూర్పు

వికారాబాద్, తాండూరుల నుంచి వచ్చిన మనకు ఇటలీ చిత్రకారుని కథ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఆయన చిత్రాన్ని చూసే కళ్లు మన ఊళ్లే మనకిచ్చాయని నా నమ్మకం.

లియొనార్డో 1452 ఏప్రిల్ 15న విన్చీ గ్రామం దగ్గర, ఒక నోటరీకి పెళ్లికాని స్త్రీవల్ల పుట్టాడు. అందువల్ల తండ్రి వృత్తిలోకి పోయే దారి మూసుకుపోయింది. ఫ్లారెన్సులో వెరోక్కియో దగ్గర శిష్యరికం చేసి, తర్వాత మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువులో చేరాడు. అక్కడ 1495-98 మధ్య ఒక మఠంలో భోజనశాల గోడమీద 'చివరి విందు' చిత్రించాడు.

శిష్యుల్లో ఒకడు తనను పట్టిస్తాడని యేసు చెప్పిన మరుక్షణం అది. పన్నెండుమందీ ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులై కలవరపడుతున్నారు. నడుమ యేసు ఒక్కడే త్రికోణంలా నిశ్చలంగా ఉన్నాడు. వికారాబాద్ స్టేషన్లో నిలబడి చూస్తే పట్టాలు దూరాన ఒక్కచోట కలిసినట్టుంటాయి కదా! ఈ చిత్రంలో పైకప్పు గీతలూ, గోడల గీతలూ అట్లాగే యేసు కణత దగ్గర కలుస్తాయి. చూపు ఎటు పోయినా మళ్లీ ఆయన దగ్గరికే వస్తుంది.

తాండూరు నీలిబండ పక్కన పసుపుబండ పరిస్తే రెండూ తేటపడతాయి. యేసు ఎర్ర అంగీ, నీలి పైవస్త్రం అట్లాగే ఒకదాన్నొకటి ఎత్తిచూపుతాయి. వెనక కిటికీ వెలుగే ఆయనకు కాంతివలయం. డబ్బుసంచి పట్టుకున్న యూదా ముఖం మాత్రం నీడలో ఉంది.

తడిసున్నంమీద వేస్తే రంగు గోడలో ఇంకి నిలుస్తుంది. కాని తడి ఆరకముందే పని ముగించాలి. నిదానంగా దిద్దుకుంటూ పోయే లియొనార్డోకు అది సరిపడలేదు, పొడిగోడమీద వేశాడు. 1517 నాటికే, ఆయన బతికుండగానే, బొమ్మ చెడసాగింది. 1652లో గోడకు తలుపు పెట్టడానికి యేసు పాదాలున్న భాగం కొట్టేశారు. 1943లో బాంబులకు భోజనశాల కూలినా ఈ గోడ నిలిచింది. 1978లో మొదలైన శుద్ధి 1999లో ముగిసింది.

లియొనార్డో 1519 మే 2న ఫ్రాన్సులో కన్నుమూశాడు. ఆయన నిదానమే చిత్రాన్ని పాడుచేసిందంటారు. అది సగం నిజమే. ఎవరు ఎటు ఒరగాలో, ఏ చెయ్యి ఎక్కడ ఆగాలో తేల్చిందీ ఆ నిదానమే. ఒక పాత పుస్తకంలో నలుపు తెలుపు అచ్చులో ఈ చిత్రాన్ని చూశాను. ఒక్క రంగూ లేదు. అయినా ఆ బల్ల దగ్గరి కలవరమంతా నాకు వినిపించింది. పరీక్షల తొందరలో పరుగెత్తే మనం కాస్త ఆగి ఆలోచించవలసింది ఇక్కడే.