బాప్తిస్మాలు ఆపిన మిషనరీ

క్లౌ దొర పేరు వినగానే మన బాప్తిస్టు సంఘాల్లో ముందుగా గుర్తుకొచ్చేది ఒక అంకె. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సువార్త కూటాల్లో, సంఘ వార్షికోత్సవాల్లో ఈ సంఖ్య చాలాసార్లు విన్నాం. ఆ రోజులు రాకముందు దాదాపు పదిహేను నెలలపాటు ఆయన బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశారన్న సంగతి మాత్రం అంత తరచుగా వినం. ఆ దైవజనుని విశ్వాసం ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఆ పదిహేను నెలలనే చూడాలి.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. ప్రభువు పిలుపు విని, భార్య హ్యారియెట్‌తో కలిసి 1865లో మద్రాసు రేవులో దిగారు. అప్పటికి నెల్లూరులోని తెలుగు మిషను ఎన్నో ఏళ్లు పనిచేసినా చేరినవారు కొద్దిమందే. దాన్ని మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అలాంటి రోజుల్లో ఆయన 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం మొదలైంది.

తొలి పరీక్ష వెంటనే ఎదురైంది. పట్టణంలోని అగ్రవర్ణాల వారు ఆయన బోధపై ఆసక్తి చూపారు, పిల్లలను ఆయన బడికి పంపారు. అదే సమయంలో పడమటి పల్లెల నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వర్తకుడు వచ్చి ప్రభువును అంగీకరించాడు. ఆయన సాక్ష్యం వల్ల మాదిగలు గుంపులుగా రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే తాము రాబోమని పెద్ద కులాలవారు తేల్చిచెప్పారు. క్లౌ ఒక గదిలో, హ్యారియెట్ మరో గదిలో ఉండి బైబిలు తెరిస్తే, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. లోకం ఎన్నికలేనివారిగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమది. దానితో వారి సందేహం తీరింది. పలుకుబడి ఉన్నవారి స్నేహం వదులుకుని, ఊరి చివర గుడిసెల్లోని వారిని సహోదరులుగా చేర్చుకున్నారు.

ఆ నిర్ణయానికి వెల కట్టింది ఎక్కువగా కొత్త విశ్వాసులే. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం ముట్టకూడదు, జాతరలో డప్పు కొట్టకూడదు అన్న నియమాలు వినడానికి చిన్నవే. కానీ వెట్టి చాకిరి మీద నడిచే ఊరిలో అవి పెద్ద తిరుగుబాటు. ఊరి పెద్దలు వారిని వేధించారు. క్లౌ వారి తరఫున అధికారుల దగ్గరికి వెళ్లి మొరపెట్టుకునేవారు. ఆయనకు ప్రార్థన ఎంత ముఖ్యమో పేదవాని అర్జీ కూడా అంతే ముఖ్యం.

1876లో వానలు పడలేదు. తెలుగువాళ్లు ధాత కరవని పిలుచుకున్న ఆ ఘోర క్షామం రెండేళ్లు దక్షిణ దేశాన్ని పీడించింది. ప్రభుత్వం సహాయ పనులు తెరిచింది గానీ, అక్కడికి వెళ్లిన మాదిగలకు అజమాయిషీ చేసేవారి చేతుల్లో అవమానాలే ఎదురయ్యాయి. క్లౌ ఊరికే జాలిపడి కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నారు. ఒకప్పుడు నేర్చుకున్న సర్వే పని ఇప్పుడు అక్కరకు వచ్చింది. కూలీల కోసం తాటాకు పాకలు వేయించి, బావులు తవ్వించారు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. అన్ని కులాలవారూ అక్కడికి వచ్చారు. కలరా సోకి కొందరు చనిపోయారు కూడా. అయినా వేలమంది అక్కడ కష్టపడి కూలి సంపాదించుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. భిక్ష తీసుకునే చేతికి ఆయన పార ఇచ్చి, కూలి ఇచ్చి, గౌరవం నిలబెట్టారు.

విశ్రాంతి వేళల్లో బోధకులు ప్రభువును గూర్చి చెప్పేవారు. విన్నవారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. నిన్నమొన్నటిదాకా మూసేద్దామనుకున్న మిషనుకు ఇంతకంటే సంతోషకరమైన వార్త ఏముంటుంది? అయినా క్లౌ ఒప్పుకోలేదు. ఆకలితో ఉన్నవాడు అన్నం కోసం వచ్చాడో ప్రభువు కోసం వచ్చాడో ఎవరు తేల్చగలరు? డబ్బు తన చేతిలో ఉన్నంతకాలం ఎవరినీ చేర్చుకోకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. సహాయం పొందేవాడికి ఏ షరతూ ఉండకూడదు, విశ్వసించేవాడికి ఏ ఎరా ఉండకూడదు. ఈ రెండింటినీ కలవనివ్వకుండా కాపాడారు.

కరవు తగ్గాక, 1878 జూన్‌లో మళ్లీ తలుపు తెరుచుకుంది. విశ్వాసులూ బోధకులూ వెల్లంపల్లికి రావాలని కబురు పంపితే, వారి వెంట జనం తండోపతండాలుగా వచ్చారు. సహాయ నిధి అయిపోయిందని, ఇవ్వడానికి ఏమీ లేదని వారికి స్పష్టంగా చెప్పారు. తమకు డబ్బు అక్కరలేదని, ప్రభువే కావాలని వారు పట్టుబట్టారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలోకి దిగి ఆ పరిచర్య చేశారు.

అన్నం కోసమే వీళ్లు మతంలో కలిశారన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినబడుతుంది. క్లౌ వాదనకు దిగి దానికి జవాబు చెప్పాల్సిన పని లేకుండా, పదిహేను నెలల ముందే తన నడతతో జవాబు చెప్పి ఉంచారు. ఆయన 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి వెలిసింది.

ప్రియ సంఘమా, ఆ నది ఒడ్డున నిలబడ్డవారికి మనం ఆత్మీయ వారసులం. మరి మన సంగతేమిటి? వరద బాధితునికి బియ్యం మూట ఇచ్చేటప్పుడు ఫోటో కోసం అతని తల ఎత్తించడం న్యాయమేనా? బాప్తిస్మాల లెక్కను నివేదికలో నింపేటప్పుడు ఒక్కొక్క ఆత్మ గురించి అంత జాగ్రత్తగా ఆలోచిస్తున్నామా? కులం అడగకుండా మన సంఘాల్లో ఎన్ని పెళ్లిళ్లు కుదురుతున్నాయి? ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, ఇంటికి వెళ్లాక వేరువేరు పంక్తుల్లో కూర్చునే భక్తిని ఆ దంపతులు ఆనాడే తిరస్కరించారు.

ఈసారి 2,222 అన్న సంఖ్య వేదిక మీద నుంచి చెప్పేటప్పుడు, దాని వెనకున్న మూడున్నర మైళ్ల కాలువనూ, పదిహేను నెలల నిగ్రహాన్నీ కూడా చెప్పుదాం. మన పిల్లలకు అది కూడా తెలియాలి.