వీణకు గొంతు పెంచిన చిట్టిబాబు

మన గోదావరి సీమ కన్న మహా వైణికుల్లో చిట్టిబాబు గారొకరు. 1936 అక్టోబరు 13న కాకినాడలో పుట్టారు. అయిదో ఏటే వీణ పట్టారు. ద్రాక్షారామం వారైన ఈమని శంకరశాస్త్రి గారి శిష్యులై, మద్రాసు సినిమా వాద్యబృందాల్లో ఏళ్ల తరబడి వాయించారు.

వీణ నాదం మెత్తనిది. మృదంగం మోగిందంటే పెద్ద పందిట్లో వెనక వరసలకి అందదు. అందుకే ఆయన వీణకు విద్యుత్ సాయం తీసుకున్నారు. ఇది మన ఫిజిక్సు పాఠమే. కాంటాక్టు మైకు చెక్క అదురును పట్టుకుంటుంది; కుండ గుమకం వస్తుంది గాని, వేలి గీకుడూ, ఫీడ్‌బ్యాక్ కూతా దానితోబాటే వస్తాయి. గిటారుకు పెట్టే అయస్కాంతపు పికప్పు ఉక్కుతీగె కదలికనే పట్టుకుంటుంది. తీగె బాగా పలుకుతుంది, చెక్క నాదం తగ్గుతుంది. పికప్పు గుర్రానికి దగ్గరగా ఉంటే నాదం పదునుగా, దూరంగా ఉంటే గుండ్రంగా ఉంటుంది. ఎంపికను బట్టే నాదం అన్నమాట.

ఇలాంటి వీణను సంప్రదాయవాదులు ఒప్పుకోలేదు. వీణ వీణలా లేకుండా పోతుందన్న వాళ్ల భయం ఉత్తిదేం కాదు. అయితే ఒక్క మీటుకు సాగే గమకం చివరిదాకా వినపడేది ఈ సాయంతోనే. ఆయన వీణలో కోయిల కూత జనానికి చేరింది. మైకు శబ్దాన్ని పెంచుతుంది, స్వరాన్ని మాత్రం వేళ్లే పలికించాలి.

1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 1996 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. యంత్రాన్ని విద్యకు దాసిగా ఉంచుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవలసిందే.